విషం లేని నీళ్ళు

ఆ సోమవారం పొద్దున మా ల్యాబులో ఉన్నవి ఇవి. మనుషులు ముగ్గురు: మేడమ్, అన్న, నేను. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు ఆరు, అన్నీ ఖాళీ. మూత కీలు విరిగిన ఐస్ పెట్టె ఒకటి. వడపోత పంపు ఒకటి. తాళం ఉన్న ఫ్రీజరు ఒకటి, తాళం పోయిన ఫ్రీజరు ఒకటి. టీ ఫ్లాస్కులు రెండు.

ముగ్గురికి రెండు ఫ్లాస్కులు ఎందుకో ముందు చెప్పాలి. ఉద్యమం ఊపు మీదున్న ఏడాది అది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక మా భవనంలో అంతకుముందు ఒకే ఫ్లాస్కు అంతస్తులన్నీ తిరిగేది. ఒకరోజు కింద ఆఫీసులో కోస్తా గుమస్తాకూ నల్గొండ అటెండరుకూ మాటామాటా పెరిగింది. మర్నాటి నుంచి క్యాంటీనతను ప్రతి గదికీ ఆంధ్రా ఫ్లాస్కు ఒకటి, తెలంగాణ ఫ్లాస్కు ఒకటి పంపడం మొదలుపెట్టాడు. రెండింటిలోనూ ఒకే గిన్నెలో కాచిన టీయే. మా విభాగానికి పెద్ద మేడమ్, ఆమెది కృష్ణా జిల్లా. సీనియర్ టెక్నీషియన్ అన్న, అతనిది చౌటుప్పల్ పక్కన పల్లె. నేను పుట్టింది సరూర్‌నగర్‌లో, మా నాన్న పుట్టింది తెనాలి దగ్గర. అందుకని ఏ ఫ్లాస్కు చేతికి దగ్గరగా ఉంటే అందులోంచి తాగేవాణ్ణి. ఎందులోంచి తాగినా ఎవరో ఒకరు చూసేవారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. రిటైర్మెంట్ వయసుకు చాలా ముందే ఆ పని నుంచి రిటైరైనవాణ్ణి కాబట్టి తీరిగ్గా ఉంటాననుకుంటారు. పద్ధతులు అడుగుతారు. పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి. నేను చెప్పగలిగింది ఆ రెండు వారాల సంగతి.

మా పని నీళ్ళలో వైరస్‌లు వెతకడం. వాంతులు, విరేచనాలు తెచ్చే రకాలు. మామూలు నీటి పరీక్షలు బ్యాక్టీరియాను చూస్తాయి. వైరస్ దానికంటే చాలా చిన్నది, బ్యాక్టీరియా లేని నీళ్ళలోనూ ఉండగలదు. దాన్ని పట్టుకోవడానికి ఇరవై లీటర్ల నీళ్ళను ఒక పల్చటి పొర గుండా పంపేవాళ్ళం. వైరస్ ఆ పొరకు అంటుకుంటుంది. పొరను కడిగి, ఆ కడుగును చిక్కబరిచి, చివరికి ఇరవై లీటర్లను చిన్న చెంచాడు చేసేవాళ్ళం. అందులోది యంత్రంలో పెడితే, వైరస్ ఉన్నప్పుడు తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. లేకపోతే పడుకునే ఉంటుంది. పడుకున్న గీతకు మేం రిపోర్టులో రాసే మాట ‘లేదు’ కాదు, ‘దొరకలేదు’. ఈ తేడా మీకు కాలేజీలో చెబుతారు. నాకు ఎల్బీ నగర్‌లో తెలిసింది.

ఆ సోమవారానికి పది రోజుల ముందు, శుక్రవారం, ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తులు వేసుకుని తినడం. ఆ రోజుల్లో నగరమంతా జరిగిన నిరసన అది. అన్న సెలవు పెట్టి వెళ్ళాడు. వాళ్ళక్క అక్కడే ఒక కాలనీలో ఉండేది. పచ్చిపులుసు చేయడంలో ఆమెకు పేరు. ఆ రోజు పెద్ద గంగాళంలో ఆమే కలిపింది. ఎండకు జనం గిన్నెలతో పట్టుకుని తాగారట.

శనివారం రాత్రి నుంచి తిన్నవాళ్ళకు వాంతులు మొదలయ్యాయి. ఆదివారం బంద్. అన్న సరూర్‌నగర్‌లో మీటింగు ఏర్పాట్లలో ఉన్నాడు. వాళ్ళక్కకు షుగరు. ఒంట్లో నీరంతా పోయి స్పృహ తప్పాక ఇంటివాళ్ళు ఆటో దొరికించుకుని బయల్దేరితే చౌరస్తా దాటడానికి వీల్లేకపోయింది. టైర్లు కాలుతున్నాయి. చుట్టు తిరిగి దవాఖానకు చేరేసరికి ఆమె లేదు.

ఆ వారమంతా ఎల్బీ నగర్‌లో ఒకటే మాట. వంటకు నీళ్ళు తెచ్చిన ట్యాంకరువాడు ఆంధ్రోడు, నీళ్ళలో విషం కలిపాడు.

సోమవారం అన్న డ్యూటీకి వచ్చిన మొదటి రోజు. గడ్డం గీసుకోలేదు. మేడమ్ లేచి తెలంగాణ ఫ్లాస్కులోంచి టీ వంపి అతని ముందు పెట్టింది. అతను తాగుతుండగానే తలుపు దగ్గర ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి నిలబడ్డారు. అతనికి యాభై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, కళ్ళ కింద ఉబ్బు. ఆమె కొంగు భుజం చుట్టూ బిగించి పట్టుకుంది.

“నీళ్ళ ట్యాంకరు నాదేనండీ” అన్నాడు.

అన్న గ్లాసు కింద పెట్టాడు.

“ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడే తోలుతున్నానండీ. ఆ రోజు కుర్రాళ్ళొచ్చి అడిగారు, పంపాను. రోడ్డు మీద అంతమంది వండుకు తింటుంటే నీళ్ళకి డబ్బులేంటని ఊరికే ఇచ్చాను. అదే తప్పయిందండీ. ఊరికే ఎందుకిచ్చాడు అంటున్నారు.”

“అడిగితెనే ఇచ్చినవా? నీ అంతల నువ్వే పంపినవా?” అన్నాడు అన్న.

“అడిగితేనేనండీ.”

“మా అక్క తాగింది ఆ నీళ్ళు.”

“తెలుసండీ.” అతను తల దించుకోలేదు. “మీరిక్కడ పనిచేస్తారని తెలిసే వచ్చాను. ఇంకెవరు చూసి చెప్పినా జనం నమ్మరు. మీరు చెబితే నమ్ముతారు.”

ఆమె మేడమ్ వైపు తిరిగింది. “రాత్రి ఇంటి మీద రాళ్ళు పడ్డాయమ్మా. మా పాప స్కూలుకి పోనంటోంది. ‘విషం వాళ్ళమ్మాయి’ అంటున్నారట.”

మేడమ్ నెమ్మదిగా చెప్పింది. “మేం విషాలు చూడం బాబూ. రోగం తెచ్చే వైరస్‌లు చూస్తాం. విషాలకి వేరే ల్యాబుంది. వాళ్ళకీ పంపిస్తాను. ఆ రోజు నీళ్ళు ఏమన్నా మిగిలాయా?”

“ఉన్నాయండీ. ఆ రోజు నుంచి ట్యాంకరు కదిలితే ఒట్టు. ఎవరూ పిలవట్లేదు. అడుగున ఇంకా అవే నీళ్ళున్నాయి.”

ఆ మాట విని మేడమ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రోగం మొదలైన రోజు నీళ్ళు, కదలకుండా, మూత పెట్టి. మా వృత్తిలో అంతకంటే అదృష్టం ఉండదు. అన్న మాత్రం తల ఊపి, “రేపు పదింటికి ఒస్తం” అన్నాడు.

మేడమ్‌కు ఒక మర్యాద ఉండేది. ఎవరి దగ్గరకు వెళ్ళినా ముందు ఫోను చేసి చెప్పకుండా వెళ్ళేది కాదు. హాస్టలు వార్డెనైనా, అపార్టుమెంటు సెక్రటరీ అయినా సరే. ఆ సాయంత్రం కూడా ట్యాంకరతనికి ఫోను చేసింది. రేపు తప్పకుండా వస్తున్నాం, సిద్ధంగా ఉండండి అని.

మంగళవారం పది గంటలకు చంపాపేట్ రోడ్డు వెనక ఖాళీ ప్లాటులోకి మా జీపు తిరుగుతుండగానే వాసన తగిలింది. కళ్ళు మండాయి. ట్యాంకరు తెల్లగా మెరుస్తోంది. కింద మట్టి తడిసి, తడి అంచున తెల్లటి పొడి కట్టింది. ట్యాంకరతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఎర్రబడ్డ చేతులతో నమస్కారం పెట్టాడు.

“పెద్దవాళ్ళు వస్తున్నారని తెల్లారగట్లే లేచానండీ. బస్తా బ్లీచింగు పట్టింది. లోపలికి దిగి మరీ తోమాను. ఇప్పుడు చూడండి, చుక్క మురికుంటే అడగండి.”

మేడమ్ కళ్ళు మూసుకుంది.

అన్న ట్యాంకరు చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు. “సబ్బు పెట్టలేదా?” అన్నాడు. అతని గొంతులో నవ్వు లేదు. “ఏం దాద్దామని కడిగినవయ్యా?”

“దాచడమేంటండీ!” ట్యాంకరతను బిత్తరపోయాడు. “ఇంటికెవరన్నా వస్తుంటే వాకిలి ఊడ్చుకోమా?”

ఆ నీళ్ళే అతని సాక్ష్యం. అతను దాన్ని బ్లీచింగు వేసి చంపి, కాలువలోకి వదిలేశాడు. కడగొద్దని చెప్పాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. కడుగుతాడన్న ఊహే రాలేదు మాకు. అయినా మేడమ్ పద్ధతి ప్రకారం లోపల కడుగునీళ్ళు తీయించింది. సీసాల్లో క్లోరిన్ విరుగుడు పొడి ముందే వేసి ఉంటుంది, అది మిగిలిన క్లోరిన్‌ను ఆపుతుంది. అప్పటికే క్లోరిన్ చేసిన పనిని వెనక్కి తిప్పదు. ఆ నమూనాకు ఏమొస్తుందో యంత్రం చెప్పక్కర్లేదు. దొరకలేదు.

పక్క మేడ మీద ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. మేం జీపెక్కేలోపే ఆ మాట బయల్దేరింది. సాయంత్రానికి చౌరస్తాలోని దీక్షా శిబిరానికి చేరింది. “కడిగిండంట. తెల్లారకముందే కడిగిండంట. ఏం కలపకపోతే ఎందుకు కడుగుతడు?”

జీపు కొత్తపేట దాటాక అన్నే అన్నాడు. “నీళ్ళు ట్యాంకర్ల పుట్టలేదు గద మేడమ్. బోరుకాడికి పోదాం.”

బుధవారం వెళ్ళాం. ఈసారి ఫోను చేయలేదు, నంబరు లేదు కాబట్టి. ట్యాంకరతను నింపుకునే బోరు విజయవాడ రోడ్డులో, అబ్దుల్లాపూర్‌మెట్ చేరకముందే ఎడమకు తిరిగితే వస్తుంది. చుట్టూ ప్లాట్లు వేసి రాళ్ళు పాతిన పొలం, మధ్యలో ఒక షెడ్డు. ట్యాంకర్లు ఒకటి వెనక ఒకటి ఆగి నింపుకుంటున్నాయి. భూమి ఆసామిని అందరూ పటేల్ అంటారు. తెల్లబట్టలు, మెడలో ఉద్యమం కండువా. ఎల్బీ నగర్ శిబిరానికి టెంటు కిరాయి, మైకు కిరాయి ఇచ్చేది ఈయనే. అన్నను చూడగానే వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“మీ అక్క సంగతి ఇన్నం తమ్మీ. మస్తు బాధయింది. గా ఆంధ్రోడు ఏం కలిపిండో జర గట్టిగ చూడుండ్రి.” లోపలికి తిరిగి కేకేశాడు. “సార్లకు మజ్జిగ తే!”

మేం మజ్జిగ వద్దన్నాం.

షెడ్డు వెనక నుంచి వాసన వస్తోంది. నేను నడిచి వెళ్ళి చూశాను. పెద్ద గుంత. దాని అంచుకు వెనుక చక్రాలు ఆనించి సెప్టిక్ ట్యాంకుల లారీ ఒకటి ఖాళీ అవుతోంది. బోరు గొట్టం అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. గొట్టం చుట్టూ సిమెంటు పగిలి, పక్కన పల్లంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

“ఇదేంది పటేలా?” అన్నాడు అన్న.

“గదా? మడికి బలం గోసం. లారీలోళ్ళు ఎక్కడనో ఒకకాడ పొయ్యాలె గదా.”

“బోరు పక్కన్నే పోస్తరా?”

“మూడొందల ఫీట్ల బోరు తమ్మీ. భూమి తల్లి వడగడ్తది. గిన్నేండ్ల సంది ఎవ్వనికేమన్నయిందా? హోటళ్ళకు పోతయి, హాస్టళ్ళకు పోతయి గీ నీళ్ళు. పరేషాన్ గాకు.”

రెండు డబ్బాలు నింపాం. విషాల ల్యాబుకు పంపడానికి వేరే సీసాలు కూడా పట్టాం. మూతల మీద అన్నే రాశాడు. ల్యాబుకు వచ్చాక వడపోత తనే చేస్తానన్నాడు. మేడమ్ కాసేపు అతని మొహం చూసి సరేనంది.

పంపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొర గుండా ఇరవై లీటర్లు దిగడానికి చాలా సేపు పడుతుంది. తొందరపెడితే పొర చిరుగుతుంది. నేను గొట్టం పట్టుకున్నాను. సగం నీళ్ళు దిగాక, నా వైపు చూడకుండా అన్నాడు. “ఉడికినదాంట్ల ఉండదు గద తమ్మీ, ఈ వైరస్.”

“బాగా మరిగితే ఉండదన్నా.”

“అన్నం ఉడికింది. పప్పు ఉడికింది.” డబ్బాలో నీళ్ళు చూస్తున్నాడు. “పచ్చిపులుసు ఉడకదు.”

చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, చన్నీళ్ళు పోసేదే పచ్చిపులుసు.

“మంచిగున్నదని రెండుమార్లు పోయించుకున్నరు జనం. మా అక్కకు మస్తు సంబురం.” డబ్బాను కొంచెం వంచి మళ్ళీ అన్నాడు. “రోడ్డు గూడ మేమే మూసినం.”

శుక్రవారం మధ్యాహ్నం విషాల ల్యాబు నుంచి మేడమ్‌కు ఫోను వచ్చింది. బోరు నీళ్ళలోనూ ట్యాంకరు కడుగులోనూ పురుగుమందు లేదు, లోహాలు లేవు, వాళ్ళు చూసే జాబితాలో ఏదీ లేదు. మేడమ్ మొహం వెలిగింది. మా యంత్రం ఇంకా నడవలేదు. శనివారం పొద్దున చూడాలి. అయినా ఒక మనిషి వారం పైగా నిద్ర లేకుండా ఉన్నాడు. ఆమె ఫోను తీసి అతనికి చెప్పింది. “విషం లేదు. నిశ్చింతగా ఉండండి. మా పరీక్ష ఇంకొకటి మిగిలింది, అది రేపు.” అవతల అతను ఏడవడం నాకు కూడా వినిపించింది. చివరి వాక్యం అతను విన్నాడో లేదో తెలియదు.

శనివారం పొద్దున అన్న, నేను తెర ముందు నిలబడ్డాం. మొదటి డబ్బా గీత లేచింది. రెండో డబ్బా గీత లేచింది. దవాఖానలో చేరిన రోగుల నుంచి తెచ్చిన నమూనాల గీతలూ లేచాయి, అదే రకం. ట్యాంకరు కడుగు గీత పడుకునే ఉంది. అన్న వేలు పెట్టి ఒక్కో గీతనూ కింది నుంచి పైదాకా చూశాడు.

అప్పుడే క్యాంటీనతను రెండు ఫ్లాస్కులతో వచ్చాడు. “ఎల్బీ నగర్ల తమాషా ఉందంట సార్. గా ట్యాంకరాయన పదకొండింటికి శిబిరం కాడ అందరి ముంగట అదే బోరు నీళ్ళు తాగుతడంట. విషం లేదని గవర్నమెంటోళ్ళు చెప్పిన్రంట.”

మేడమ్ కుర్చీలోంచి లేచింది. ఫోను చేసింది. స్విచాఫ్. అతని భార్య నంబరు మా దగ్గర లేదు. బ్యాగు తీసుకుని, “పదండి, నేనూ వస్తాను” అంది.

“మీరు రావద్దు మేడమ్.” అన్న కండువా మెడలో వేసుకుంటున్నాడు. “ఇయ్యాల ఆడ మీరు మాట్లాడితే జనానికి యాస ఇనవడ్తది. మాట ఇనవడది.”

ఆమె రెండు ఫ్లాస్కుల ముందు కూర్చుండిపోయింది. మేం దిగాం.

బస్సులు లేవు. చైతన్యపురి దగ్గర ఊరేగింపు రోడ్డంతా నిండిపోయింది. అన్న బండి కొంతదూరం సందుల్లో నడిచింది. ఆపైన అదీ కుదరక, ఒక మెడికల్ షాపు ముందు వదిలేసి పరుగెత్తాం. కొత్తపేట పండ్ల మార్కెట్ మూసి ఉంది. కుళ్ళిన బత్తాయిల మీద జారి నేను ఒకసారి పడ్డాను. చౌరస్తా కనిపించేసరికి మైకులో డప్పు ఆగింది.

టెంటు కింద బల్ల మీద ట్యాంకరతను నిలబడి ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. పక్కన స్టీలు బిందె. చేతిలో చెంబు. పటేల్ ముందు వరుస కుర్చీలో కూర్చున్నాడు.

“తాగకు!” అని అరిచాడు అన్న. “తాగకు, ఆగు!”

మా ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. “తాగనియ్యన్నా, సస్తే సస్తడు.”

అతను చెంబు ఎత్తి గడగడా తాగాడు. గొంతు కదలడం అంతదూరానికీ కనిపించింది. చెంబు బోర్లించి చూపించాడు. కొందరు చప్పట్లు కొట్టారు. అతని భార్య బల్ల పక్క నుంచి వచ్చి, ఆ చెంబే తీసుకుని, బిందెలో ముంచి, తనూ తాగింది. అప్పుడు చప్పట్లు పెద్దవయ్యాయి. నా పక్కనున్న ముసలామె కళ్ళొత్తుకుంటూ, “పాపం, మంచోడే బిడ్డా. ఉత్తగ అనుకున్నం” అంది. పటేల్ లేచి వెళ్ళి అతని భుజం తట్టాడు. ట్యాంకరతను నవ్వుతున్నాడు. నేను అతను నవ్వగా చూడటం అదొక్కసారే.

జనాన్ని తోసుకుని బల్ల దగ్గరకు చేరాం. అన్న మైకు తీసుకున్నాడు. అతన్ని అక్కడ అందరూ ఎరుగుదురు. ఎవరో “జై తెలంగాణ” అన్నారు. అతను కూడా అన్నాడు. తర్వాత చెప్పాడు.

“గీయన ఏం కలపలే. విషం లేదు. పరీక్ష చేసింది నేనే, నా చేతులతోని చేసిన. ఈయన తప్పు లేదు.” మళ్ళీ చప్పట్లు. “కని ఆ బోరు నీళ్ళల్ల రోగం ఉంది. సెప్టిక్ గుంత బోరుల దిగుతున్నది. మనకు ఒచ్చిన రోగం గదే. ఆ నీళ్ళు ఎవ్వరు తాగొద్దు, మరగబెట్టకుంట ఎవ్వరు...”

“ఏంది తమ్మీ?” పటేల్ గొంతు మైకు లేకుండానే అందరికీ వినిపించింది. “గాయన నీ కండ్ల ముంగట చెంబెడు తాగి నిలవడ్డడు. ఆయన పెండ్లాం తాగింది. ఏమయింది? చెప్పు, ఏమయింది?”

“ఇప్పుడే కాదు పటేలా. ఒకటి రెండు రోజులాగాలె.”

జనం నవ్వారు. ఒక గొంతు అంది. “బోరు సంగతి గాదు గని, గిది ఎవరు చెప్పమన్నరన్నా? మీ ఆంధ్ర మేడమా?”

అన్న నోరు తెరిచాడు. మైకు వైరు ఎవరో లాగేశారు. పచ్చిపులుసు మాట అతను అప్పటికి చెప్పలేదు, ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

కిందికి దిగి ట్యాంకరతని చెయ్యి పట్టుకున్నాడు. “ఇంట్లనే ఉండు. ఉప్పు చక్కెర నీళ్ళు, మరగబెట్టి, తాగుకుంట ఉండు. వాంతి అయితే నాకు ఫోన్ చెయ్యి. ఏ యాళ్ళకైనా.”

“ఇప్పుడేం కాలేదు కదండీ” అన్నాడతను. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “జనం నమ్మారండీ. అది చాలు.”

ఆదివారం సాయంత్రం అతనికి వాంతులు మొదలయ్యాయి. ఫోను చేయలేదు. చేస్తే జనానికి తెలుస్తుందని భయపడ్డాడట. సోమవారం పొద్దున అతని భార్య చేసింది. ఆమెకూ విరేచనాలు, కాని లేచి తిరుగుతోంది. అతనికి మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాలు అంతకుముందే కొంచెం దెబ్బతిన్నాయట, ఆ సంగతి మాకప్పుడు తెలిసింది. ఆ రోజు మళ్ళీ బంద్.

మేం వెళ్ళేసరికి గుమ్మం ముందు ఆటో ఉంది గాని డ్రైవరు బయల్దేరనంటున్నాడు. చౌరస్తాలో అద్దాలు పగలగొడుతున్నారట. అన్న మెడలో కండువా తీసి ఆటో అద్దానికి కట్టాడు. ట్యాంకరతన్ని మేమిద్దరం మోసి వెనక పడుకోబెట్టాం. తల నా ఒడిలో. భార్య కాళ్ళ దగ్గర. అన్న ఆటో ఎక్కలేదు. ముందు నడిచాడు.

చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు అడ్డం వచ్చారు. కండువా చూసి, అన్నను చూసి ఆగారు.

“ఎవలన్నా లోపల?”

ఒకడు వంగి చూడబోయాడు. నేను చేత్తో ట్యాంకరతని మొహం కప్పాను. రెండు రోజుల కింద వాళ్ళంతా చూసిన మొహం అది.

“మా బావ” అన్నాడు అన్న. “మా అక్క మొగడు. జరగుండ్రి.”

వాళ్ళక్క పోయిన సంగతి ఆ కుర్రాళ్ళకు తెలుసు. కర్రలతోనే కాలుతున్న టైరును పక్కకు నెట్టి దారిచ్చారు. ఒకడు ఆటో ముందు పరుగెత్తి తర్వాతి అడ్డంకి దగ్గర కూడా చెప్పాడు. ఆటో ఆగకుండా దాటింది. అన్న వెనక్కి తిరిగి చూడలేదు. అతని వీపు ఒకటే నాకు కనిపించింది.

ట్యాంకరతను బతికాడు. చాలా రోజులు డయాలసిస్ మీద ఉండి బయటపడ్డాడు. అతని పేరు మాత్రం బతకలేదు. అతను జబ్బు పడ్డాడన్న సంగతి దాగలేదు. “చూసిన్రా, ఆయన విషం ఆయనకే తగిలింది” అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో కూడా కొందరు అన్నారట. దవాఖాన నుంచి వచ్చిన తర్వాత ట్యాంకరు అమ్మేసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎటు వెళ్ళారో పక్కింటివాళ్ళు చెప్పలేదు. అడిగినప్పుడు తలుపు సగమే తెరిచారు.

మేడమ్ ఆ తర్వాత నమూనాకు వెళ్ళేముందు ఎవరికీ ఫోను చేయలేదు. పరీక్షలన్నీ పూర్తికాకుండా ఒక్క ఫలితం కూడా నోటితో చెప్పలేదు. మంచి నియమాలే, మీరూ పాటించండి. ఆ నియమాలు ఉండి ఉంటే అతను ట్యాంకరు కడిగేవాడు కాదు, ఆ నీళ్ళు తాగేవాడు కాదు. జనం నమ్మేవారా అంటే నాకు తెలియదు. విషం కలిపిన మనిషిని జనం అర్థం చేసుకోగలరు. గుంతకూ బోరుకూ మధ్య పగిలిన సిమెంటును ఎవరి మీద కోప్పడాలో వాళ్ళకు తెలియదు. ఇంకొకటి కూడా తర్వాత తెలిసింది. అవే వారాల్లో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్ళలో ఉన్న కోస్తా పిల్లలు కూడా వాంతులతో పడ్డారు. ఒక్కొక్కరే బ్యాగు సర్దుకుని ఊరెళ్ళిపోయారు. వాళ్ళు రోడ్డు మీద పంక్తిలో కూర్చుని తినలేదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు.

రిపోర్టు రెండు పేజీలు. కింద అన్న సంతకం, దాని కింద మేడమ్ సంతకం. వెళ్ళాల్సిన ఆఫీసులకు వెళ్ళింది. అందినట్టు ఒక చోటు నుంచి జవాబు వచ్చింది.

నెల తర్వాత అన్న, నేను మళ్ళీ నమూనా కోసం బోరు దగ్గరకు వెళ్ళాం. గుంత మీద రేకులు పరిచి ఉన్నాయి. రేకుల సందులోంచి లారీ గొట్టం లోపలికి దిగి ఉంది. పటేల్ షెడ్డులోంచి చెయ్యి ఊపాడు.

“మూత పెట్టినం గద తమ్మీ, మీరు చెప్పినట్టే.”

అన్న డబ్బా నింపాడు, మూత బిగించాడు, దాని మీద తారీఖు రాశాడు. తర్వాత రోడ్డు దాకా నిలబడి ఉన్న వరుస వైపు చూసి, “లెక్కపెట్టు తమ్మీ” అన్నాడు.

ఆ పూట బోరు దగ్గర నింపుకోవడానికి నిలబడ్డ ట్యాంకర్లు పదకొండు.